అజాన్ పిలిచినప్పుడు ఆట ఆగుతుందా?

మగ్రిబ్ నమాజు ముగించుకుని బయటకు వచ్చేసరికి మసీదు మెట్లపై దాదాపు ప్రతి సాయంత్రం ఒకే దృశ్యం కనిపిస్తుంది. నలుగురైదుగురు బాలురు భుజాలు ఆనించుకుని, తలలు వంచుకుని కూర్చుంటారు. దూరం నుంచి చూసేవారికి ఖుర్ఆన్ పారాయణం చేస్తున్నారేమో అనిపిస్తుంది. దగ్గరకు వెళితే చేతుల్లో సెల్‌ఫోన్లు, వాటిలోంచి తుపాకుల చప్పుడు. ఇది మా సిద్దిపేటకే పరిమితమైన విషయం కాదని పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

మూడేళ్ల క్రితం వేసవిలో, మా మక్తబ్‌లో చదివే పదమూడేళ్ల బాలుని తల్లి ఒకనాడు అసర్ తరువాత మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త గల్ఫ్‌లో డ్రైవరు. ఆయన నెలనెలా పంపే సొమ్ములోంచి రెండు నెలల్లో పద్దెనిమిది వేల రూపాయలకు పైగా మాయమైంది. ఆ సొమ్మంతా ఒక ఆటలో ‘వజ్రాలు’ కొనడానికి ఖర్చయింది. అవి తెరపై కనిపించే అంకెలే తప్ప చేతికి వచ్చే వస్తువులు కావు. “మౌలానా సాబ్, వాడి అబ్బాకు తెలిస్తే అక్కడ అన్నం ముద్ద దిగదు. మీరే వాడికి ఒక్క మాట చెప్పండి” అని ఆమె కన్నీరు పెట్టుకుంది.

ఆమె అడిగింది ఒక్క మాట. నేను మరునాడు తరగతిలో అందరి ముందు ఆ బాలుణ్ణి నిలబెట్టి, అతని ఫోన్‌ను బల్లపై పెట్టి, అరగంట సేపు ఉపన్యసించాను. అతడు తల ఎత్తలేదు. మరుసటి రోజు నుంచి మక్తబ్‌కు రాలేదు.

చాలా నెలల తరువాత కోమటి చెరువు కట్ట మీద అతడు కనిపించాడు. పక్కన కూర్చోబెట్టుకుని, “అజాన్ వినిపించినా ఎందుకు లేచేవాడివి కావు?” అని అడిగాను. “హజ్రత్, మధ్యలో లేస్తే నా ముగ్గురు దోస్తులు చచ్చిపోతారు” అన్నాడు. ఆటలోని చావు గురించే అతడు చెప్పాడు. నలుగురు ఒక జట్టుగా దిగే ఆటలో ఒకడు మధ్యలో ఫోన్ కింద పెడితే మిగిలిన ముగ్గురూ ఓడిపోతారట. అలా రెండుసార్లు చేసినవాణ్ణి మళ్లీ జట్టులోకి పిలవరట.

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఆ బాలుడు నమాజును తేలికగా తీసుకున్నాడని నేను తీర్మానించాను. అతని మనసులో మాత్రం స్నేహితుల పట్ల విధేయత పనిచేసింది. సద్గుణమే. అయితే ఆ సద్గుణాన్ని ఎవరో తమ లాభానికి వాడుకున్నారు. ఆ సంగతి నాకు తెలియకుండానే తీర్పు చెప్పేశాను. ఏ విషయంపైనైనా తీర్పు చెప్పే ముందు దాని స్వరూపం మనసులో స్పష్టంగా ఉండాలని మా మదరసాలలో ఫిఖ్హ్ విద్యార్థులకు తొలి ఏళ్లలోనే నేర్పుతారు. ఇతరులకు పాతికేళ్లుగా ఆ పాఠం చెబుతున్న నేనే దాన్ని మరిచాను.

అందుకే గత సెలవుల్లో ఒక పని చేశాను. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఇటీవలి కాలపు ఆటలను ఒక్కొక్కటిగా చూశాను. కొన్నింటిని నా చేతులతోనే ఆడాను. ఈ వ్యాసం ఫత్వా కాదు. అది ముఫ్తీల పని. తన పిల్లల చేతుల్లో ఏముందో తెలుసుకోవాలనుకునే తల్లిదండ్రుల కోసం ఒక ఉపాధ్యాయుడు రాసుకున్న పరిశీలన మాత్రమే.

ఆట పట్ల ధర్మం వైఖరి

ఆట అనగానే ముఖం చిట్లించడం మన ధర్మం నేర్పలేదు. దైవప్రవక్త (స) తన సతీమణి ఆయిషా (రజి)తో పరుగు పందెం పెట్టుకున్నారు. బాల్యంలో ఆమె బొమ్మలతో ఆడుకుంటుంటే వారించలేదు. పండుగ రోజున అబిసీనియా వాసులు మసీదు ఆవరణలో ఈటెలతో విన్యాసాలు ప్రదర్శిస్తుంటే ఆమెకు చూపించారు. అదే సమయంలో పాచికల ఆటను తీవ్రంగా హెచ్చరించారు. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా జూదాన్ని మద్యంతో కలిపి ప్రస్తావించి రెండు కారణాలు చెబుతుంది: అవి మనుషుల మధ్య వైరం పుట్టిస్తాయి, దైవస్మరణ నుంచీ నమాజు నుంచీ నిరోధిస్తాయి.

ఈ రెండవ కారణం నుంచే నాకు ఒక కొలబద్ద దొరికింది. ప్రతి ఆట ముందూ మేనల్లుణ్ణి ఒకే ప్రశ్న అడిగాను: “ఇప్పుడు అజాన్ వినిపిస్తే దీన్ని ఆపవచ్చా? ఆపితే ఆడేవాడికి నష్టం ఏమిటి?” మంచిచెడ్డలన్నింటినీ ఈ ఒక్క ప్రశ్న తేల్చదు. కానీ ఆట యజమాని ఎవరు, ఆడేవాడా, దాన్ని తయారుచేసిన సంస్థా అన్నది మాత్రం వెంటనే తేలిపోతుంది.

యుద్ధరంగం: ఆగని ఆటలు

మన వీధుల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. పబ్‌జీ మొబైల్‌ను కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో నిషేధించింది. దాని స్థానంలో బీజీఎంఐ 2021 జూలైలో వచ్చింది. ఏడాది తరువాత అదీ యాప్ దుకాణాల నుంచి తొలగింపునకు గురై, 2023 మేలో తిరిగి వచ్చింది. గరీనా సంస్థ వారి ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో నిషేధించారు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం పిల్లల ఫోన్లలో కొనసాగింది. పుణెలోని సూపర్‌గేమింగ్ సంస్థ ‘ఇండస్’ పేరుతో ఇదే తరహా భారతీయ ఆటను 2024 అక్టోబరులో విడుదల చేసింది.

పేర్లు వేరైనా అన్నింటి పద్ధతి ఒకటే. ఎందరో ఒక మైదానంలో దిగుతారు, ఆయుధాలు వెతుక్కుంటారు, చివరికి మిగిలినవారు గెలుస్తారు. బీజీఎంఐలో నూరు మంది దిగుతారు, ఒక పోరు దాదాపు అరగంట సాగుతుంది. ఫ్రీ ఫైర్‌లో యాభై మంది, పది నిమిషాల పోరు. పనితనం విషయంలో వీటిని తక్కువ చేయలేను. మామూలు ఫోన్‌లోనూ సాఫీగా నడుస్తాయి. జట్టుగా ఆలోచించడం, దిక్కులు గుర్తుంచుకోవడం, క్షణంలో నిర్ణయం తీసుకోవడం అవసరమవుతాయి. పిల్లలు ఇష్టపడటంలో ఆశ్చర్యం లేదు.

కానీ అజాన్ పరీక్షలో ఇవి నిలబడవు. నడుమ ఆపే బొత్తామే లేదు. నూరు మంది ఏకకాలంలో ఆడే ఆటను ఒక్కరి కోసం ఆపలేరన్నది సాంకేతికంగా నిజమే. అందుకే వీటిని ఎప్పుడు మొదలుపెడుతున్నామన్నది ముఖ్యమవుతుంది. ఆ సంగతికి చివర వస్తాను. బీజీఎంఐ తిరిగి వచ్చినప్పుడు పద్దెనిమిదేళ్ల లోపు వారికి రోజుకు మూడు గంటల పరిమితి పెట్టారు, రక్తపు రంగును ఆకుపచ్చగా మార్చుకునే వీలూ ఉంది. రంగు మార్చినంత మాత్రాన చంపడం చంపడం కాకుండా పోదు. ఇక మూడు గంటలంటే, బడి నుంచి వచ్చిన పిల్లవాడు నిద్రపోయేలోపు మిగిలే సమయమంతా దాదాపు అంతే.

విశ్వాసానికి సంబంధించిన విషయం మరొకటి ఉంది. 2020 జూన్‌లో పబ్‌జీ మొబైల్‌లో ఒక కొత్త భాగం వచ్చింది. అందులో ఆటగాడి పాత్ర విగ్రహపు స్తంభం ముందు మోకరిల్లి వేడుకుంటే శక్తి పెరుగుతుంది. అరబ్ దేశాలలో తీవ్ర అభ్యంతరం రాగా సంస్థ క్షమాపణ చెప్పి ఆ భంగిమను తొలగించింది. 2021 నవంబరులో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ వాన్‌గార్డ్‌లో ఖుర్ఆన్ పుటలు రక్తపు మరకలతో నేలపై పడి ఉన్నట్టు చూపారు. అక్కడా అభ్యంతరం తరువాత తొలగింపు, క్షమాపణ జరిగాయి. ఈ రెండు ఉదంతాలూ ఒక విషయాన్ని నేర్పుతున్నాయి. ఆటను చూసి, అర్థం చేసుకుని, సౌమ్యంగా అభ్యంతరం చెప్పినవారి మాటకు విలువ ఉంటుంది. ఆ ఆటలు ఆడిన ముస్లిం యువకుల కంట పడకపోతే ఆ తప్పులు మన దృష్టికి వచ్చేవి కావు.

‘సిక్స్ డేస్ ఇన్ ఫలూజా’ సంగతి వేరు. 2004 నవంబరులో ఇరాక్‌లోని ఫలూజా నగరంలో జరిగిన యుద్ధాన్ని అమెరికా సైనికుని కళ్లతో ఆడించే కంప్యూటర్ ఆట ఇది. 2009లో ప్రకటించినప్పుడే వ్యతిరేకత వచ్చి ఆగిపోయింది. పద్నాలుగేళ్ల తరువాత, 2023 జూన్‌లో, తొలి రూపంలో అమ్మకానికి వచ్చింది. నిజంగా మనుషులు మరణించిన నగరం, వారి బంధువులు ఇంకా జీవించి ఉన్న నగరం ఇక్కడ గురి చూసి కాల్చే మైదానంగా మారింది. ఆపే సౌకర్యం ఉన్నా లేకున్నా, దీన్ని నేను ఏ ఇంటికీ సిఫారసు చేయను.

బాగ్దాదు వీధుల్లో ఒక్క నిమిషం

‘అస్సాసిన్స్ క్రీడ్ మిరాజ్’ 2023 అక్టోబరు 5న విడుదలైంది. ఫ్రాన్స్‌కు చెందిన యూబీసాఫ్ట్ సంస్థ దీని ప్రచురణకర్త. తొమ్మిదవ శతాబ్దపు బాగ్దాదు, అబ్బాసీ ఖిలాఫత్ కాలం, వీధిదొంగగా బతికే బాసిమ్ అనే యువకుడు రహస్య హంతకుల సంఘంలో చేరడం దీని కథ.

ముందుగా మెచ్చుకోవలసినదాన్ని మెచ్చుకోవాలి. ఖలీఫా మన్సూర్ 762లో పునాది వేసిన వృత్తాకార నగరం, దాని ద్వారాలు, కాలువలు, బజార్లు, బైతుల్ హిక్మా కళ్ల ముందు నిలుస్తాయి. నగర చరిత్రను వివరించే చిన్న చిన్న వ్యాసాలు ఆటలోనే ఉన్నాయి. వాటి కోసం చరిత్రకారులనూ, ఇస్లామీయ కళాఖండాల సేకరణలున్న సంస్థలనూ సంప్రదించారు. పాత్రలు అరబీలో మాట్లాడేలా కూడా పెట్టుకోవచ్చు. విద్యార్థి దశలో నేను పేర్లుగా మాత్రమే చదివిన స్థలాలలో నడుస్తుంటే మనసు పొంగిపోయింది.

సరిగ్గా అప్పుడే మా మసీదు నుంచి అసర్ అజాన్ వినిపించింది. “మామూ, అజాన్” అన్నాడు మేనల్లుడు. “ఒక్క నిమిషం” అన్నాను. ఆ మాట నోటి నుంచి వచ్చాక సిగ్గుపడ్డాను. పిల్లలు మనతో చెప్పే మాట ఇదే కదా! మేనల్లుడు నవ్వుతూ బొత్తాం నొక్కాడు. బాగ్దాదు ఉన్నచోటే నిలిచిపోయింది. నమాజు తరువాత అక్కడి నుంచే మళ్లీ మొదలైంది. ఈ ఆటకు ఆపే వీలు ఉంది, కథకు ముగింపూ ఉంది.

అయితే లోపాలు చిన్నవి కావు. నగరం ఎంత నిజమైనదో కథ అంత కల్పితం. వెనుక నుంచి వచ్చి గొంతు కోయడమే కథానాయకుని ప్రధాన వృత్తి. సత్యమంటూ ఏదీ లేదనే భావమే ఈ ఆటల శ్రేణిలోని హంతకుల సంఘానికి మూలసూత్రం. తౌహీద్‌ను విశ్వసించే ఇంటికి అది సరిపడదు. అమెరికా రేటింగ్ సంస్థ దీన్ని పదిహేడేళ్లు దాటినవారికే కేటాయించింది. పెద్ద పిల్లలున్న ఇంటిలో తండ్రి పక్కన కూర్చుని, ఏది చరిత్రో ఏది కల్పనో విడమర్చి చెప్పగలిగితే ప్రయోజనం ఉంటుంది. చిన్న పిల్లల చేతికి ఇవ్వదగినది కాదు.

అయిదు నిమిషాల పిలుపు

చిన్న పిల్లలున్న ఇళ్లలో వినిపించే పేరు రోబ్లాక్స్. ఇది ఒక ఆట కాదు, ఎవరైనా ఆటలు తయారుచేసి పెట్టగల సంత లాంటిది. 2025 మార్చిలో ఇందులో ‘గ్రో ఎ గార్డెన్’ అనే తోట ఆట వచ్చింది. కొద్ది నెలల్లోనే ప్రపంచమంతటా ఏకకాలంలో కోటిన్నర మందికి పైగా దాన్ని ఆడిన సందర్భం ఉంది. విత్తనం కొనాలి, నాటాలి, పండు కోసి అమ్మాలి, ఆ సొమ్ముతో మరో విత్తనం కొనాలి. తుపాకీ లేదు, రక్తం లేదు. రైతు బిడ్డలమైన మనకు ముచ్చటగానే అనిపిస్తుంది.

కానీ ఎక్కువసేపు గమనించాక ఒక సంగతి కనిపించింది. విత్తనాల దుకాణంలో సరుకు ప్రతి అయిదు నిమిషాలకు మారుతుంది. అరుదైన విత్తనం ఎప్పుడు వస్తుందో తెలియదు. కళ్లు తిప్పుకుంటే పోతుందన్న బెంగ. మన పిల్లలను రోజుకు అయిదు పూటలు ఒక పిలుపు పిలుస్తోంది. ఈ తోట ప్రతి అయిదు నిమిషాలకు పిలుస్తోంది. ఎనిమిదేళ్ల పిల్లవాడు దేనికి బదులిస్తాడు? ఆటను మూసినా మొక్క పెరుగుతూనే ఉంటుంది కనుక ఆపితే నష్టం లేదని మేనల్లుడు అన్నాడు. మొక్కకు నష్టం లేని మాట నిజమే, పిల్లవాడి మనసు మాత్రం దుకాణం దగ్గరే ఉండిపోతుంది.

మరొక విషయం నన్ను నివ్వెరపరచింది. రోబ్లాక్స్‌లో అసలు డబ్బుతో కొనే ‘రోబక్స్’ చెల్లించి పక్కవాడి తోటలోని పండును దొంగిలించవచ్చు. అదే వేదికపై ప్రజాదరణ పొందిన మరో ఆటలో ఇతరుల సొత్తు దొంగిలించి తేవడమే ఆట. ఇతరుల వస్తువు అనుమతి లేకుండా ముట్టవద్దని ఉదయం మక్తబ్‌లో నేర్పుతాం. సాయంత్రం డబ్బు చెల్లించి మరీ అందుకు విరుద్ధమైనది సాధన చేయిస్తున్నాం.

ముక్కూమొహం తెలియనివారు పిల్లలతో మాట్లాడే అవకాశం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. పిల్లల భద్రత కారణంగానే తుర్కియే 2024 ఆగస్టులో, ఖతర్ 2025 ఆగస్టులో రోబ్లాక్స్‌ను నిలిపివేశాయి. మన దేశంలో ఇది అందుబాటులోనే ఉంది. కాబట్టి సంభాషణ సౌకర్యాన్ని మూసివేయడం, పిల్లవాడు ఏ ఆటలో ఉన్నాడో చూడడం తల్లిదండ్రుల పని.

మైదానం ఆటలో అదృష్టపు పెట్టెలు

తెరపై క్రికెట్, ఫుట్‌బాల్ ఆడడంలో తప్పేముంది? ఆటలో లేదు, అమ్మకంలో ఉంది. చెన్నైలోని నెక్స్ట్‌వేవ్ సంస్థ తయారుచేసిన డబ్ల్యూసీసీ 3 క్రికెట్‌ను ఒంటరిగా ఆడుకోవచ్చు, ఓవరు మధ్యలో ఆపి నమాజుకు వెళ్లవచ్చు. మా పక్కింటి పిల్లవాడు అలాగే చేస్తుండగా చూశాను. అజాన్ పరీక్షలో ఇది గెలిచింది.

ఫుట్‌బాల్‌లో ప్రపంచ ప్రసిద్ధమైనది ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ. ఏటా కొత్తది వస్తుంది. ఎఫ్‌సీ 26 2025 సెప్టెంబరులో వచ్చింది. మైదానం, ఆటగాళ్ల కదలిక, ప్రేక్షకుల కేక అద్భుతంగా ఉంటాయి. ఇద్దరు అన్నదమ్ములు ఇంట్లో పక్కపక్కన కూర్చుని ఆడుకుంటే మంచి వినోదమే. కానీ అందులో ‘అల్టిమేట్ టీమ్’ అనే విభాగం ఉంది. అక్కడ డబ్బు చెల్లించి మూసిన పొట్లాలు కొనవచ్చు. లోపల గొప్ప ఆటగాడు రావచ్చు, ఎవరికీ పనికిరాని ఆటగాడు రావచ్చు. ఇలాంటి పెట్టెలు జూదం కిందకే వస్తాయని బెల్జియం దేశపు అధికారులు 2018లోనే తేల్చారు; తరువాతి ఏడాది ఆ సంస్థ అక్కడ వాటి కోసం నాణేలు అమ్మడం ఆపింది. ఫిఖ్హ్ చదివినవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. ఏం వస్తుందో తెలియని వస్తువును సొమ్ము చెల్లించి కొనడాన్ని మన పండితులు ‘గరర్’ అన్నారు. మూసిన చేతిలో ఏముందో చెప్పకుండా అమ్మే బేరం అది. ఫ్రీ ఫైర్‌లో తిప్పే అదృష్ట చక్రమూ ఇదే కోవలోది.

పేకముక్కలు, పాచికలు, చట్టం

‘బలాట్రో’ అనే ఆట 2024 ఫిబ్రవరిలో వచ్చి అనేక పురస్కారాలు గెలిచింది. కెనడాకు చెందిన ఒక యువకుడు తన పేరు బయటపెట్టకుండా ఒంటరిగా తయారుచేశాడు. పేకముక్కలను జతచేసి అంకెలు పెంచుకోవడమే ఆట. ఎదుట మనిషి ఉండడు, పందెం ఉండదు, అసలు డబ్బు ఎక్కడా ఉండదు. యూరప్ రేటింగ్ సంస్థ పెగీ మొదట దీన్ని పద్దెనిమిదేళ్లు దాటినవారికే అన్నది. అప్పీలు తరువాత 2025 ఫిబ్రవరిలో పన్నెండేళ్లకు తగ్గించింది. ఈ ఆటను జూదపు సంస్థలకు ఎన్నడూ అమ్మరాదని ఆ యువకుడు తన వీలునామాలో రాసిపెట్టానని ప్రకటించాడు. వసియ్యత్ విలువ తెలిసిన మనం ఆ నిజాయితీని గౌరవించాలి.

అయినా నా అభిప్రాయం వేరుగానే ఉంది. ఆపే వీలున్న ఆటే, బుద్ధికి పదును పెట్టే ఆటే. కానీ పేకాట పదాలు, చేతుల పేర్లు పిల్లల నాలుకపై ఆడడం మొదలైతే, రేపు నిజమైన పేకబల్ల వారికి కొత్తగా అనిపించదు. పేకాటతో పొలాలు పోగొట్టుకున్న కుటుంబాలు మన పల్లెల్లో ఉన్నాయి. ముంబయి నుంచి వచ్చి లాక్‌డౌన్ రోజుల్లో ఇంటింటా నిండిన లూడో కింగ్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. పందెం లేకపోయినా పాచిక ఉన్నందున దాన్ని మక్రూహ్‌గా భావించిన ఉలమా ఉన్నారు.

అసలు డబ్బు పెట్టే ఆటల విషయంలో మాత్రం సందేహానికి తావు లేదు. పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ ప్రభుత్వం 2017లోనే నిషేధించింది. కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. సొమ్ము పందెంగా ఆడించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, ప్రచారం చేసేవారికి రెండేళ్ల వరకు జైలు అందులో ఉన్నాయి. మనం పద్నాలుగు శతాబ్దాలుగా నమ్ముతున్న విషయంలో దేశ చట్టం అదే దిశగా నడవడం సంతోషం. అయితే డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటపైనే ఆ చట్టం గురి. డబ్బు పెట్టి తుపాకీకి రంగు గెలిచే చక్రం దగ్గర కాపలా కాయవలసింది ఇంటివారే.

అమ్మ చేతి వంట

చూసిన వాటిలో నా మనసును తాకింది చాలా చిన్న ఆట. పేరు ‘వెన్బా’. కెనడాలోని టొరంటోలో ఉన్న విసాయ్ సంస్థ 2023 జూలైలో విడుదల చేసింది. 1980లలో కెనడాకు వలస వెళ్లిన తమిళ దంపతులు, వారికి అక్కడ పుట్టిన కొడుకు. తల్లి దగ్గర తన అమ్మ ఇచ్చిన వంటల పుస్తకం ఉంది. పుటలు చిరిగి, అక్షరాలు చెరిగిపోయాయి. ఆడేవారు ఆ చెరిగినదాన్ని ఊహించి ఇడ్లీ, పుట్టు వంటివి వండాలి. కొడుకు పెరిగేకొద్దీ తల్లి భాషకు, తల్లి భోజనానికి దూరమవుతాడు. తోటి పిల్లల ముందు సిగ్గుపడతాడు. చివరికి అదే పుస్తకం అతణ్ణి తల్లి దగ్గరకు తెస్తుంది. గంటన్నరలో ముగిసిపోతుంది. బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా పురస్కారాన్ని 2024లో తొలి ఆట విభాగంలో గెలిచింది.

తుపాకీ లేదు, పెట్టె లేదు, అంగడి లేదు. ఎప్పుడైనా ఆపవచ్చు. నా పక్కన కూర్చుని చూస్తున్న మా చెల్లెలు కళ్లు తుడుచుకుంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మధ్య పెరిగే మన పిల్లలకు, గల్ఫ్‌లో, అమెరికాలో బిడ్డలున్న తల్లులకు ఆ కథ పరాయిది కాదు. ఆట అనే సాధనం చెడ్డది కాదనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. పాలస్తీనాలోని నబ్లుస్‌కు చెందిన రషీద్ అబూ ఈదా 2016లో గాజా యుద్ధంపై ‘లైలా అండ్ ద షాడోస్ ఆఫ్ వార్’ అనే చిన్న ఫోన్ ఆట చేశారు. అందులో ఆడేవారి చేతిలో ఆయుధం ఉండదు. కుటుంబాన్ని కాపాడుకోవడానికి పరుగెత్తే తండ్రి మాత్రమే ఉంటాడు. అదే యుద్ధం, ఎదుటి వైపు నుంచి. మన యువకులు ఇలాంటివి తయారుచేసే రోజు రావాలని దుఆ చేస్తున్నాను.

ఇంటి పెద్దలకు

ఆట మీద అదుపు కోల్పోవడం, మిగిలిన పనులన్నింటికంటే దానికే ప్రాధాన్యం ఇవ్వడం, హాని కనిపిస్తున్నా మానలేకపోవడం దీర్ఘకాలం కొనసాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని రుగ్మతగా గుర్తిస్తుంది. ఆ వర్గీకరణ 2022 జనవరి 1 నుంచి అమలులో ఉంది. అలాంటి పిల్లవాడికి తిట్లకంటే వైద్యుడు అవసరం. అంతదాకా రాకముందే ఇంట్లో చేయగలిగినవి ఉన్నాయి.

బ్యాంకు ఖాతాతో ముడిపడిన ఫోన్‌ను పిల్లల ఆటకు ఇవ్వకండి. తప్పనిసరైతే, ప్రతి కొనుగోలుకు రహస్య సంకేతం అడిగేలా ప్లే స్టోర్‌లో పెట్టుకోండి. గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్‌తో రోజువారీ సమయాన్ని నిర్ణయించవచ్చు. ప్రతి ఆట పేరు కింద వయసు అంకె ఉంటుంది. డౌన్‌లోడ్ చేసే ముందు చదవండి. ఒక్కసారైనా పిల్లవాడి పక్కన కూర్చుని అతడు ఆడేది చూడండి. ఆపలేని ఆటను నమాజు తరువాతే మొదలుపెట్టాలన్న నియమం పెట్టండి. మరొకటి చెప్పడానికి సంకోచిస్తున్నాను, అయినా చెప్పాలి: అజాన్ వేళ మన చేతుల్లోని ఫోన్‌లో రీల్స్ కదులుతుంటే, పిల్లల ఆట గురించి మాట్లాడే అర్హత మనకు ఎక్కడిది? చేతిలోని ఫోన్ తీసుకున్నప్పుడు బదులుగా ఏదైనా ఇవ్వాలి కూడా. సాయంత్రం అరగంట మైదానం, తండ్రితో చెరువు కట్ట దాకా నడక, ఏదో ఒకటి.

చెరువు కట్ట మీద కలిసిన ఆ బాలుని సంగతి చెప్పి ముగిస్తాను. ఆనాటి సంభాషణ తరువాత వారం రోజులకు నేను వారి ఇంటికి వెళ్లి, తల్లి ఎదుటే అతనికి క్షమాపణ చెప్పుకున్నాను. గురువు శిష్యుని ముందు అలా నిలబడడం తేలిక కాదు. అందరి ముందు అవమానించినవాణ్ణి ఒంటరిగా క్షమించమనడం కూడా చాలదు కాబట్టి, మరునాడు మక్తబ్‌లో అందరి ముందూ ఆ మాటే చెప్పాను. అతడు తిరిగి వచ్చాడు. ఈ వ్యాసం కోసం యుద్ధపు ఆటలు నాకు నేర్పింది అతడే. నేను విమానం నుంచి దిగిన ప్రతిసారీ నిమిషంలో చనిపోతుంటే అతడు ఎంతో ఓపిక పట్టాడు.

ఇప్పుడు అతనికి పదహారేళ్లు. అతని నలుగురు మిత్రులూ ఇంకా ఆడుతూనే ఉన్నారు. అయితే జట్టులో ఒక నియమం పెట్టుకున్నారు, నేను చెప్పకుండానే: అజాన్‌కు అరగంట ముందు ఎవరూ కొత్త ఆట మొదలుపెట్టరు, ఇషా తరువాత ఒకే ఒక్కటి. మొన్న రంజాన్‌లో తరావీహ్‌కు నిలబడినప్పుడు వెనక్కి చూస్తే మూడవ వరుసలో నలుగురూ ఉన్నారు. భుజాలు ఆనించుకునే నిలబడ్డారు.